పైపు కింది నేలకు కౌలు కట్టాలి

పొలం మూలన సెల్ టవర్ నిలబెట్టిన కంపెనీ ఆ రైతుకు నెలనెలా అద్దె చెల్లిస్తుంది. పక్కవాడి చేను తీసుకుని వరి వేసిన కౌలుదారు పంట పండినా ఎండినా ఒప్పుకున్న కౌలు ఇచ్చుకుంటాడు. రోడ్డు పక్క ఖాళీ జాగాలో ప్రకటన బోర్డు పాతినా బాడుగ లెక్క ఉంటుంది. పరాయి నేలను వాడుకునేవాడు, వాడుకున్నంత కాలం దానికి ప్రతిఫలం ఇవ్వాలన్నది మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేని ధర్మం. ఆ ధర్మానికి అందని వ్యాపారం ఒకటి మన పొలాల కింద మీటరు లోతున సాగుతోంది. గ్యాసు, పెట్రోలు, డీజిలు మోసే పైపులైన్లు తెలుగు నేలను నిలువుగా, అడ్డంగా చీల్చుకుంటూ పోతున్నాయి. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లే తూర్పు-పడమర గ్యాసు లైను, విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ చేరే లైను, ఒడిశాలోని పారాదీప్ నుంచి శ్రీకాకుళం మీదుగా హైదరాబాద్ వచ్చే లైను వాటిలో పెద్దవి. ఇవి దశాబ్దాల తరబడి పనిచేస్తాయి, ప్రతిరోజూ ఆదాయం తెస్తాయి. తన చేనులోంచి వాటికి దారి ఇచ్చిన రైతుకు మాత్రం ఒక్కసారి కొంత సొమ్ము ముట్టజెప్పి, లెక్క తీరిపోయిందంటారు. ఆ లెక్క తీరలేదు. పైపు కింది నేలకు ఏటేటా కౌలు కట్టాలి. ఆ కౌలు ఎంతో, ఏ షరతుల మీదో రైతుతో కూర్చుని మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

దీనికి మూలమైన చట్టం 1962 నాటిది. పైపు వేయడానికి భూమిని పూర్తిగా సేకరించనక్కర్లేదు, యాజమాన్యం రైతుకే వదిలి నేలలో వాడుక హక్కు మాత్రం తీసుకుంటే చాలునన్న ఆలోచనతో పార్లమెంటు పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం చేసింది. భూమి రైతు చేయి జారకుండా చూసింది కాబట్టి ఆనాటికి అది మెరుగైన పద్ధతే. చట్టం నడిచే తీరు ఇలా ఉంటుంది. మూడో సెక్షన్ కింద కేంద్రం సర్వే నంబర్లతో సహా గెజిట్‌లో ప్రకటన ఇస్తుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి రాసి ఇవ్వాలి. ఆ అధికారి విని, నివేదిక పంపాక ఆరో సెక్షన్ ప్రకటన వస్తుంది. దాంతో వాడుక హక్కు ప్రభుత్వానికో, కంపెనీకో దఖలు పడుతుంది. పంట, చెట్లు, ఇతర ఆస్తి నష్టానికి పరిహారం ఇస్తారు. దానికి అదనంగా, హక్కు తీసుకున్నందుకు ఆ నేల మార్కెట్ విలువలో 10 శాతం చెల్లిస్తారు. ఆ విలువను కూడా మూడో సెక్షన్ ప్రకటన వెలువడిన తేదీ నాటికే కడతారు. నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. ఈ వరుసలో ఎక్కడా బేరానికి చోటు లేదు. 10 శాతం ఎందుకని అడగడానికి వీల్లేదు. జడ్జి కూడా భూమి విలువను సరిచేయగలరు తప్ప ఆ శాతాన్ని మార్చలేరు. హక్కు ఎన్నేళ్లకన్న ప్రశ్నకు చట్టంలో సమాధానమే లేదు. గడువు రాయని హక్కు కాబట్టి అది తరతరాలకూ ఉండిపోతుంది.

పైపు భూమి లోపల ఉంటుంది, పైన రైతు మామూలుగా పంట వేసుకుంటాడు, ఇక నష్టమేముందని కంపెనీలు అంటాయి. వరి, మినుము, వేరుశనగ వరకు ఆ మాట నిజమే. కానీ తొమ్మిదో సెక్షన్ ప్రకారం పైపు పోయే నేల పట్టీ మీద కట్టడం కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అంటే బోరు వేసుకోవడానికి లేదు, కోళ్ల షెడ్డు వేయడానికి లేదు, మామిడి, కొబ్బరి, ఆయిల్‌పామ్, సుబాబుల్ పెట్టడానికి లేదు. పొలంలో నీటికుంట తవ్వుకోమని ప్రభుత్వాలే ప్రోత్సహిస్తున్న కాలంలో ఈ రైతుకు ఆ అవకాశం ఉండదు. వరి చేలు చేపల, రొయ్యల చెరువులుగా మారి ఆదాయం పెరిగిన గోదావరి జిల్లాల్లో ఈ ఆంక్ష ఎంత బరువో చెప్పనక్కర్లేదు. పట్టణం విస్తరించి ఊరి పొలం ఇళ్ల స్థలాలయ్యే చోట, మధ్యలోంచి పోయే పైపు ఆ పట్టీకే కాక దానికి అటూ ఇటూ మిగిలిన ముక్కలకూ ధర పడగొడుతుంది. పదిహేను, ఇరవై ఎకరాల కమతమైతే లైను ఒక పక్కన సర్దుకుంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. రెండున్నర ఎకరాలకు మించని చేనులో ఒక పట్టీ పోతే ఆ కుటుంబానికి మిగిలిన దారులన్నీ ఇరుకైపోతాయి.

చిన్న లెక్క వేసి చూద్దాం. చతురస్రంగా ఉన్న ఎకరం చేను ఒక పక్క దాదాపు 64 మీటర్లు ఉంటుంది. దాని మధ్యగా 20 మీటర్ల వెడల్పు పట్టీ పోతే దాదాపు 31 సెంట్లు ఆంక్షల కిందికి వస్తాయి. ఎకరం ధర 20 లక్షలనుకుంటే ఆ 31 సెంట్ల విలువ 6 లక్షల 20 వేలు. అందులో 10 శాతం 62 వేలు. పైపు 30 ఏళ్లు పనిచేస్తే ఏడాదికి 2 వేల రూపాయల పైచిలుకు పడుతుంది, నెలకు 200 కూడా రాదు. పైగా ఈ ఉదాహరణలో తీసుకున్నది నిజమైన మార్కెట్ ధర. పుస్తకాల్లోని రిజిస్ట్రేషన్ విలువను పట్టుకుంటే ఆ 62 వేలు ఇంకా కుంచించుకుపోతాయి. బయట చేతులు మారే ధరకూ రిజిస్ట్రార్ ఆఫీసు విలువకూ ఉన్న తేడా తెలుగు రాష్ట్రాల్లో భూమి కొన్నవారికీ, అమ్మినవారికీ అందరికీ తెలుసు. తన పేర పట్టాదారు పాసుపుస్తకం ఉంది, కాపలా బాధ్యత ఉంది, స్వేచ్ఛగా వాడుకునే వీలు మాత్రం లేదు. అలాంటి భూమికి జీవితకాలపు మూల్యం 62 వేలంటే దాన్ని న్యాయమైన ధర అనలేం.

న్యాయమైన ధర అడగడం అసాధ్యమైన కోరిక కాదనడానికి మన కళ్లెదుటే విద్యుత్ లైన్ల ఉదాహరణ ఉంది. పొలాల మీదుగా పోయే హైటెన్షన్ తీగలకూ ఒకప్పుడు పరిహారం నామమాత్రమే. రైతులు పోరాడారు, పనులు ఆగాయి, కేంద్ర విద్యుత్ శాఖ ఆలోచించింది. 2015 అక్టోబరు మార్గదర్శకాల్లో టవర్ అడుగున ఉన్న నేలకు విలువలో 85 శాతం, తీగల కింది కారిడార్‌కు 15 శాతం వరకు ఇవ్వాలని చెప్పింది. 2024 జూన్‌లో టవర్ నేలకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేసింది. 2025 మార్చిలో మరో అడుగు వేసి కారిడార్ పరిహారాన్ని గ్రామాల్లో 30, చిన్న పట్టణ ప్రాంతాల్లో 45, నగరపాలక సంస్థలు, మహానగరాల పరిధిలో 60 శాతంగా విడదీసింది. గాలిలో వేలాడే తీగ కింద నేలకు 30 శాతం ఇస్తున్నప్పుడు, నేలనే తవ్వి పూడ్చిన పైపుకు 10 శాతమే ఎలా సరిపోతుంది? రెండూ ప్రజాప్రయోజనం పేరుతో వచ్చినవే, రెండూ చెట్టు నాటనివ్వవు, ఇల్లు కట్టనివ్వవు. ఒకే రైతు చేనులో తీగకు ఒక ధర, పైపుకు అందులో మూడో వంతు ధర ఉండటానికి తర్కం ఏదీ లేదు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక భూమి పోగొట్టుకున్నవారి పరిహారం లెక్కే మారిపోయింది. పైపులైన్ల చట్టంలో 10 శాతం అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

అవతలి పక్షానికి దక్కేది కూడా చూడాలి. గ్యాసు పైపులైను రవాణా చార్జీని పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు నిర్ణయిస్తుంది. బోర్డు నిబంధనల ప్రకారం, పెట్టిన పెట్టుబడి మీద పన్నులు పోను 12 శాతం రాబడి వచ్చేలా ఆ చార్జీ లెక్క కడతారు. అంటే ఉక్కు గొట్టం మీద పెట్టిన ప్రతి రూపాయికీ పైపు పనిచేసినన్నాళ్లూ రాబడి లెక్కలోకి వస్తుంది. గొట్టాన్ని మోస్తున్న నేలకు మాత్రం ఒక్కసారే. ఆ పట్టీలో గొట్టం పక్కనే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కూడా వేస్తారు. ప్రభుత్వరంగ గెయిల్ సంస్థ తన కేబుళ్ల సామర్థ్యాన్ని గెయిల్‌టెల్ పేరుతో టెలికం కంపెనీలకు అద్దెకిచ్చింది. పైపు పట్టీలో వేసిన కేబుల్‌కు అద్దె ఉన్నప్పుడు, కేబుల్ పడుకున్న మట్టికీ అద్దె ఉండాలి కదా. వార్షిక కౌలు అన్న మాట మన ప్రభుత్వాలకూ కొత్త కాదు. అమరావతి కోసం భూసమీకరణలో ఎకరం మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేల చొప్పున, ఏటా కొంత పెంచుతూ పదేళ్లపాటు కౌలు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకుంది. అక్కడ రైతులు భూమి మొత్తాన్ని అప్పగించారు, ఇక్కడ సాగు కొనసాగుతుంది కాబట్టి మొత్తం ఒకటే ఉండనక్కర్లేదు. చెల్లింపులు ఆలస్యమై ఆ రైతులు ఇబ్బంది పడిన సంవత్సరాలూ ఉన్నాయి. అయినా భూమి వాడుకకు ఏటేటా ప్రతిఫలం ఇవ్వడం సరైనదన్న సూత్రాన్ని ప్రభుత్వమే అంగీకరించింది.

అందుకే కోరవలసింది ఇది. హక్కు తీసుకునేటప్పుడు ఇచ్చే ఏకమొత్తం విద్యుత్ కారిడార్‌తో సమానంగా కనీసం 30 శాతం కావాలి. దాని మీద, ఆ ఊళ్లో నడిచే కౌలులో సగాన్ని పట్టీ విస్తీర్ణానికి లెక్కగట్టి ఏటా చెల్లించాలి. రైతు సాగు చేసుకుంటాడు కాబట్టి సగం, భూమి మీద స్వేచ్ఛ కోల్పోయాడు కాబట్టి సున్నా కాకుండా సగం. దీనితోపాటు ప్రతి పట్టాదారుతోనూ తెలుగులో రాసిన ఒప్పందం ఉండాలి. పట్టీ వెడల్పు ఎంత, ఎన్ని పైపులు, ఎంత లోతు, పైమట్టిని విడిగా తీసి తిరిగి పైనే పరుస్తారా, తెగిన బోదెలూ గట్లూ ఎవరు బాగుచేస్తారు, మరమ్మతుకు మళ్లీ తవ్వితే పంటకు ఎంత ఇస్తారు, పైపు వాడకం ఆగిపోయాక దాన్ని ఎవరు తీస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. చట్టం పైపులైన్లన్న మాటను బహువచనంలోనూ వాడుతుంది. కాబట్టి నేడు ఒక గొట్టానికి ఇచ్చిన దారిలో రేపు రెండోది దిగితే మళ్లీ కొత్తగా ధర కట్టాలన్న షరతు తప్పనిసరి. చట్టం మీటరు లోతు కనీసమంటుంది. ట్రాక్టర్లు, కోత యంత్రాలు తిరిగే నల్లరేగడి చేలల్లో ఇంకా లోతు అడగడం అత్యాశ కాదు.

ఆ ఒప్పందంలో డబ్బుకన్నా ముందు రాయాల్సిన మాట భద్రత. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు, ఇళ్లు మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు ప్రవహించడం, దానివల్ల లోపల తుప్పు పట్టడం ఆ ప్రమాదం వెనుక బయటపడిన కారణాలు. పైపు పక్కన బతికేవారు ఎంత పెద్ద ముప్పును తమ గుమ్మం ముందు మోస్తున్నారో ఆ తెల్లవారుజాము రాష్ట్రానికంతటికీ చూపించింది. గ్యాసు వాసనను ముందుగా పసిగట్టేది గట్టు మీద నడిచే రైతే, మంట రేగితే ముందుగా మాడిపోయేదీ ఆ కుటుంబమే. అలాంటి మనిషిని ఒకసారి డబ్బిచ్చి పంపేసిన పరాయివాడిగా చూడటం భద్రతకు కూడా చేటు. ఏటా కౌలు అందుకునే రైతుకు కంపెనీతో ఏటా మాట ఉంటుంది. గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, లీకైతే ఎవరికి ఫోన్ చేయాలో, ఎంతసేపట్లో వాల్వు మూస్తారో తెలుసుకునే హక్కు ఆ ఒప్పందంలో భాగమైతే, లైను పొడవునా వేల జతల కళ్లు దాన్ని కాపాడతాయి.

ఖర్చు పెరిగి గ్యాసు ధర పెరుగుతుందన్నది మొదటి అభ్యంతరం. కిలోమీటరు పొడవు, 20 మీటర్ల వెడల్పు అంటే రెండు హెక్టార్లు, అంటే దాదాపు ఐదు ఎకరాలు. ఎకరం కౌలు 30 వేలనుకుని అందులో సగం లెక్కిస్తే కిలోమీటరుకు ఏడాదికి 75 వేల రూపాయలు. ప్రధానమంత్రి 2021 జనవరి 5న ప్రారంభించిన కొచ్చి-మంగళూరు గ్యాసు లైను పొడవు 450 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 3,000 కోట్లు. అంత పొడవు లైనుకు మన కౌలు లెక్కన ఏడాదికి 3 కోట్ల 40 లక్షల లోపే అవుతుంది. నిర్మాణ వ్యయంలో అది వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. దీనివల్ల గ్యాసు ధర ఆకాశానికి అంటుతుందనడం నిలబడే వాదన కాదు. పైగా 2023 ఏప్రిల్ నుంచి జాతీయ గ్రిడ్‌లోని లైన్లకు ఏకీకృత రవాణా చార్జీ అమల్లో ఉంది. ఈ స్వల్ప భారం దేశమంతటి వినియోగదారుల మీద పలచగా పరుచుకుంటుంది. ఇప్పుడదే భారాన్ని ఆ లైను కింద పడ్డ కొన్ని వేలమంది రైతులు మొత్తంగా మోస్తున్నారు. నగరంలో వంటింటికి పైపు గ్యాసు రావడం మంచిదే. ఆ మంచికి రాయితీ ఇవ్వాల్సింది రెండెకరాల రైతు కాదు.

ఒక్క రైతు మొండికేస్తే వందల కిలోమీటర్ల ప్రాజెక్టు ఆగిపోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. అందుకే ఇక్కడ కోరుతున్నది లైనును ఆపే వీటో హక్కు కాదు, ధర మీద, షరతుల మీద మాట చెల్లుబాటు. దారి విషయంలో పంతానికి పోతే ఏమవుతుందో తమిళనాడు చూపింది. పశ్చిమ జిల్లాలు ఏడింటిలో గెయిల్ లైనును పొలాల్లోంచి కాక రహదారుల పక్కన వేయాలని 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా గెయిల్ పక్షానే తీర్పు చెప్పింది. ధర విషయంలో పట్టుబట్టిన కేరళ కథ వేరు. 2017లో కోళికోడ్ జిల్లా ముక్కం ప్రాంతంలో ఆందోళన తీవ్రమయ్యాక అక్కడి ప్రభుత్వం పరిహారం లెక్కకు ఆధారమైన భూమి విలువను రెట్టింపు చేసింది, పది సెంట్ల లోపు ఉన్నవారికి ప్రత్యేక సాయం ప్రకటించింది. లైను పూర్తయింది, గ్యాసు ప్రవహించింది. మాట్లాడటం వల్ల ప్రాజెక్టు చావలేదు. లాఠీలు, అరెస్టులు, కోర్టు వాయిదాల్లో పోయిన సంవత్సరాలకు అయిన ఖర్చు ముందే న్యాయమైన ధర ఇచ్చి ఉంటే అయ్యే ఖర్చుకన్నా తప్పకుండా ఎక్కువే.

చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టే చెప్పింది కదా అంటారు. గుజరాత్ రైతుల వ్యాజ్యంలో 2016 అక్టోబరులో కోర్టు ఈ చట్టాన్ని సమర్థించిన మాట వాస్తవం, 10 శాతం పరిహారం బూటకం కాదన్న మాటా వాస్తవం. అదే తీర్పు, పరిహారం తేల్చే కాంపిటెంట్ అథారిటీకి న్యాయ పరిజ్ఞానం, అనుభవం ఉండాలని కూడా నొక్కి చెప్పింది. ఒక చట్టం రాజ్యాంగాన్ని ఉల్లంఘించలేదంటే అది కనీస హద్దు దాటలేదని అర్థం, అంతకన్నా మెరుగ్గా ఉండకూడదని కాదు. హద్దును పైకి జరపడం పార్లమెంటు పని. విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇవ్వగలిగినప్పుడు పెట్రోలియం శాఖకు చేతులు కట్టేసినవారు లేరు. లక్షలమందికి ఏటా చిన్న మొత్తాలు పంచడం కష్టమన్న మాటకు కూడా కాలం చెల్లింది. 2018లో మొదలైన రైతుబంధు, 2019లో మొదలైన పీఎం కిసాన్ కోట్లమంది ఖాతాల్లో నేరుగా డబ్బు వేసి చూపించాయి. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు పైపు కింద ఉన్నాయో గెజిట్‌లోనే అచ్చయి ఉంటుంది.

చట్టం మారేదాకా రైతు చేతులు ముడుచుకోనక్కర్లేదు. గెజిట్ హిందీ, ఇంగ్లీషుల్లో వస్తుంది కాబట్టి దాని సారాంశాన్ని తెలుగులో గ్రామసభ ముందు చదివించాలని పంచాయతీలు పట్టుబట్టాలి. 21 రోజుల్లో ప్రతి కుటుంబం రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇంటికి ఆనుకున్న జాగా, నివాస స్థలం, శాశ్వత కట్టడం ఉన్న నేల కింద పైపు వేయకూడదని ఏడో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, ఆ మినహాయింపు వర్తిస్తే అప్పుడే చెప్పాలి. పంచనామా రాసేటప్పుడు ప్రతి చెట్టూ, బోరూ, పైపూ ఎక్కించి, ఫొటోలు తీసి, నకలు తీసుకోకుండా సంతకం పెట్టకూడదు. నష్టపరిహారం భూమిలో ప్రయోజనం ఉన్న ఏ వ్యక్తికైనా దక్కాలని చట్టం అంటుంది కాబట్టి, పంట వేసిన కౌలు రైతు పంట సొమ్ము పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాకు జారిపోకుండా ఊరే చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి వారు విడివిడిగా బేరానికి వెళ్లకపోవడం. కంపెనీకి కావాల్సింది తెగని పట్టీ. ఊరంతా ఒక్క మాట మీద నిలిచినప్పుడే ఆ అవసరం రైతుకు బలమవుతుంది.

తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ 10 శాతం అంకెను పార్లమెంటులో ప్రశ్నించాలి. 1962లో రైతు నుంచి వాడుక హక్కు మాత్రమే తీసుకుంటున్నామని చెప్పి చట్టం చేశారు. వాడుకున్నంత కాలం కౌలు కట్టడమే ఆ మాటకు కట్టుబడటం.